బెడ్‌లో క్లింకర్, ప్యానెల్ మీద అంతా సవ్యం: 8 టన్నుల ఆటోమేటిక్ బొగ్గు బాయిలర్ కేస్ స్టడీ

సంగారెడ్డి జిల్లాలోని ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో గంటకు 8 టన్నుల స్టీమ్ రేటింగున్న ఎఫ్‌బీసీ (ఫ్లూయిడైజ్డ్ బెడ్, అంటే గాలితో కదిలే నలుసు పరుపులో బొగ్గు కాల్చే) బాయిలర్ వానలు మొదలైనప్పటి నుంచి వారానికి రెండుసార్లు ఆగుతూ వచ్చింది. ప్రతిసారీ కారణం ఒకటే, బెడ్‌లో క్లింకర్, అంటే మెత్తబడి గడ్డకట్టిన బూడిద. తలుపు తీసి చూస్తే రెండో కంపార్ట్‌మెంట్‌లో పిడికిలంత గడ్డలు మొదలుకొని అడుగు వెడల్పున్న పలకల దాకా కనిపించేవి. రియాక్టర్లు ఒకేసారి స్టీమ్ లాగే వేళ ప్రెజర్ చదరపు సెంటీమీటరుకు 9.5 కిలోల నుంచి 7 కిలోలకు జారేది. కిలో బొగ్గుకు అంతకుముందు 5.5 కిలోల స్టీమ్ వచ్చేది, అది 5.0కి పడింది. రోజుకు సుమారు 132 టన్నుల స్టీమ్ వాడే యూనిట్ కాబట్టి రోజూ 2.4 టన్నుల బొగ్గు అదనంగా తగలబడుతున్నట్టు లెక్క.

యాజమాన్యం బొగ్గును అనుమానించింది. కంట్రోల్ ప్యానెల్ చేసినవాళ్ళు ఆపరేటర్లను, ఆపరేటర్లు ప్యానెల్‌ను తప్పుపట్టారు. చివరికి తేలింది ఏమిటంటే, ఏ ఒక్క భాగమూ పూర్తిగా పాడవలేదు. నాలుగు చోట్ల నాలుగు చిన్న లోపాలు ఉన్నాయి. ఆటోమేషన్ వాటిని ఒకదానికొకటి ముడివేసి పెద్దవి చేసింది. ఆ ముడి ఎక్కడ పడిందో అర్థం కావాలంటే ముందు బాయిలర్ భాగాలు తెలియాలి.

బాయిలర్ ఎలా కట్టి ఉంది

వర్కింగ్ ప్రెజర్ 10.54 కిలోలు. ఫర్నేస్ చుట్టూ మెంబ్రేన్ వాటర్‌వాల్ గోడలు, వాటి వెనక స్మోక్ ట్యూబులున్న షెల్. మన దగ్గర ఫార్మా, టెక్స్‌టైల్, ఆహార పరిశ్రమల్లో కనిపించే హైబ్రిడ్ రకం ఇదే. 8 టన్నులు అన్నది 100 డిగ్రీల నీటి నుంచి 100 డిగ్రీల స్టీమ్‌కు కట్టిన లెక్క. 85 డిగ్రీల ఫీడ్ వాటర్‌తో 10.5 కిలోల స్టీమ్ తీస్తే కిలోకు 579 కిలోకేలరీలు పడుతుంది. అంటే నిజంగా వచ్చేది గంటకు 7.4 టన్నుల చిల్లర. కొనేటప్పుడు ఈ తేడా చూసుకోనివాళ్ళు తర్వాత బాయిలర్ లోడ్ మోయడం లేదని అంటుంటారు.

బొగ్గు దారి ఇలా ఉంటుంది. యార్డు నుంచి హ్యామర్ క్రషర్, వైబ్రేటింగ్ స్క్రీన్, బకెట్ ఎలివేటర్, 20 టన్నుల బంకర్. బంకర్ కింద నాలుగు స్క్రూ ఫీడర్లు, ఒక్కొక్కదానికి విడిగా వీఎఫ్‌డీ (మోటారు స్పీడు మార్చే పరికరం). ప్రతి ఫీడర్ కింద మిక్సింగ్ నాజిల్. అక్కడ పీఏ (ప్రైమరీ ఎయిర్) ఫ్యాన్ గాలి బొగ్గును అందుకుని పైపు గుండా బెడ్ అడుగు నుంచి లోపలికి తోస్తుంది. దీన్ని అండర్‌బెడ్ ఫీడింగ్ అంటారు. బొగ్గు బెడ్ లోపలే ఎక్కువసేపు ఉండి కాలడం దీని లాభం. బొగ్గు సైజు, చెమ్మ విషయంలో ఏమాత్రం ఓర్చుకోకపోవడం దీని ఇబ్బంది. బంకర్‌లో నిలిచిన బొగ్గే కింది నుంచి వచ్చే వేడిగాలికి అడ్డుకట్ట. అందుకే బంకర్‌ను అడుగంటా ఖాళీ చేయకూడదు. చేస్తే మంట వెనక్కి తన్ని ఫీడర్ దాకా, ఒక్కోసారి బంకర్ దాకా వస్తుంది.

బెడ్ వైశాల్యం 3.5 చదరపు మీటర్లు, రెండు కంపార్ట్‌మెంట్లు. అడుగున డిస్ట్రిబ్యూటర్ ప్లేటు, దాని మీద 340 ఎయిర్ నాజిళ్ళు, ప్లేటు కింద ఎయిర్‌బాక్సు. ప్లేటు మీద 0.85 నుంచి 2.36 మి.మీ. మధ్య సైజున్న రిఫ్రాక్టరీ నలుసు 300 మి.మీ. ఎత్తున పోస్తారు. ఈ బాయిలర్‌కు అది సుమారు 1,100 కిలోలు. ఎఫ్‌డీ (ఫోర్స్‌డ్ డ్రాఫ్ట్, గాలిని లోపలికి తోసే) ఫ్యాన్ గాలి నాజిళ్ళ గుండా పైకి లేస్తే ఈ బెడ్ మొత్తం ఉడుకుతున్న గంజిలా కదులుతుంది. బరువులో బొగ్గు ఇందులో కొద్ది శాతమే. మిగతాదంతా వేడిని పట్టి ఉంచే నలుసూ బూడిదా. బెడ్ 800 నుంచి 900 డిగ్రీల మధ్య ఉంటే ఈ బొగ్గు చక్కగా కాలుతుంది. ఆ వేడిలో బూడిద కరగదు. ఎక్కడైనా గాలి ఆగి, బొగ్గు పోగుపడితే ఆ చోట మాత్రం వేడి బూడిద మెత్తబడే స్థాయికి ఎక్కి నలుసును అంటిస్తుంది. క్లింకర్ పుట్టుక అదే. బెడ్ మొత్తం వేడెక్కనక్కరలేదు, ఒక జానెడు మేర కదలిక ఆగితే చాలు.

బెడ్ లోపల వాలుగా ఇన్‌బెడ్ ట్యూబులు ఉంటాయి. నలుసు ఒరిపిడికి అవి అరగకుండా స్టడ్లు వెల్డ్ చేస్తారు. పొగ ఫర్నేస్ నుంచి స్మోక్ ట్యూబులు, ఎయిర్ ప్రీహీటర్ (పొగ వేడితో గాలిని కాచేది), మల్టీసైక్లోన్ (పొగను తిప్పి బూడిద విడదీసేది), బ్యాగ్ ఫిల్టర్, ఐడీ (ఇండ్యూస్‌డ్ డ్రాఫ్ట్, పొగను బయటికి లాగే) ఫ్యాన్ మీదుగా చిమ్నీకి పోతుంది.

నీటి వైపు చెప్పుకోవాల్సింది కొద్దే. సాఫ్ట్‌నర్, ఫీడ్ ట్యాంకు, రెండు పంపులు, ఫీడ్ కంట్రోల్ వాల్వు, రెండు గేజ్ గ్లాసులు, మోబ్రే లెవెల్ కంట్రోలర్, విడిగా ఎక్‌స్ట్రా లో లెవెల్ ట్రిప్ (నీళ్ళు మరీ తగ్గితే దానంతటదే ఆపేసేది), రెండు సేఫ్టీ వాల్వులు. ఫీడ్ వాటర్ హార్డ్‌నెస్ 5 పీపీఎం లోపు, బాయిలర్ నీటి టీడీఎస్ (కరిగిన లవణాలు) 3,500 లోపు ఉన్నాయి. ఈ కేసులో అటువైపు తప్పు లేదు కాబట్టి ఇక ఆ ప్రసక్తి లేదు.

ఆటోమేటిక్ అనిపించే పని ప్యానెల్‌లో నాలుగు లూపులది, అంటే రీడింగు చూసి దానంతటదే సరిదిద్దే ఏర్పాట్లది. స్టీమ్ ప్రెజర్ చూసి ఫీడర్ల స్పీడు మార్చేది ఒకటి. పొగలో ఆక్సిజన్ చూసి ఎఫ్‌డీ స్పీడు దిద్దేది రెండోది, దీన్నే ట్రిమ్ అంటారు. ఫర్నేస్ డ్రాఫ్ట్‌ను (లోపలి పీల్పును) మైనస్ 3 నుంచి మైనస్ 5 మి.మీ. వాటర్ కాలమ్ మధ్య ఉంచేలా ఐడీని నడిపేది మూడోది. నీటి మట్టానిది నాలుగోది. వీటిపైన ఇంటర్‌లాకులు. ఐడీ ఆగితే ఎఫ్‌డీ, ఎఫ్‌డీ ఆగితే పీఏ, పీఏ ఆగితే ఫీడర్లు ఆగాలి. నీళ్ళు తగ్గితే బొగ్గు ఆగాలి.

నాలుగు థర్మోకపుల్స్, ఒక సగటు

మొదట చూసింది లాగ్‌బుక్. బెడ్ టెంపరేచర్ కాలమ్‌లో షిఫ్టు తర్వాత షిఫ్టు 848, 853, 851 అని రాసి ఉంది. ఇంత చదునుగా ఉండే బెడ్‌లో క్లింకర్ రావడానికి వీల్లేదు. ప్యానెల్ లోపలి పేజీ తెరిస్తే నాలుగు థర్మోకపుల్స్ (వేడి కొలిచే పరికరాలు) విడివిడిగా 870, 885, 690, 965 చూపిస్తున్నాయి. నాలుగింటి సగటు 853. ప్యానెల్ ముఖం మీద కనిపించేదీ, 980 దగ్గర ట్రిప్ చేయాల్సిందీ ఆ సగటే. ఒక మూల చల్లబడి పక్క మూల మండిపోతుంటే సగటు ఎప్పటికీ 980కి చేరదు. ట్రిప్ ఉండీ లేనట్టే.

690 చూపిస్తున్న మూడో థర్మోకపుల్ చెడిపోయిందని షిఫ్టులో అందరూ అనుకుంటున్నారు. రుజువు చేయడం తేలిక. ఒకటో థర్మోకపుల్‌ను మూడో చోట, మూడోదాన్ని ఒకటో చోట పెట్టారు. 690 మూడో చోటే నిలిచింది. పరికరం సరిగ్గానే ఉంది, ఆ చోటే నిజంగా చచ్చిపోయింది. ఒక రీడింగు నచ్చనప్పుడు పరికరాన్ని అనుమానించడం బాయిలర్ హౌసుల్లో అలవాటు. పది నిమిషాల తారుమారుతో తేలే విషయం ఇక్కడ వారాల తరబడి తేలలేదు.

తర్వాత ఫీడర్లను ఒక్కొక్కటిగా రెండు నిమిషాలు ఆపి చూశారు. ఒకటి, రెండు, నాలుగు ఆపినప్పుడు దగ్గరి థర్మోకపుల్ ఒకటి రెండు నిమిషాల్లో దిగింది. మూడో ఫీడర్ ఆపితే ఏ మార్పూ లేదు. స్క్రూ తిరుగుతోంది గానీ బొగ్గు బెడ్‌కు చేరడం లేదు. మిక్సింగ్ నాజిల్ గొంతు దగ్గర మామూలుగా కొద్ది పీల్పు ఉండాలి, అక్కడ గేజు ఎదురు ఒత్తిడి చూపించింది. పైపు తడి నుసితో బిగుసుకుపోయింది. ఇక్కడ ప్రెజర్ లూపు పని గమనించాలి. మూడో లైను ఇవ్వని బొగ్గు కోసం అది నాలుగు ఫీడర్ల స్పీడూ పెంచింది. అదే కంపార్ట్‌మెంట్‌లోని నాలుగో లైను తన వాటా కన్నా ఎక్కువ బొగ్గు మోసింది. 965 అక్కడిది. అప్పుడప్పుడూ మూడో పైపులో పేరుకున్న ముద్ద ఒక్కసారిగా తెగి బెడ్‌లో పడేది. ఆ తర్వాత గంట రెండు గంటల్లో క్లింకర్ తయారయ్యేది.

ఆక్సిజన్ ప్రోబు ఉన్న చోటు

ఈ కేసులో అసలు దెబ్బ ఇది. ప్యానెల్‌లో ఆక్సిజన్ 8.4 శాతం. సెట్‌పాయింట్ (ఉండాల్సిన విలువ) 6. గాలి ఎక్కువైందనుకుని ట్రిమ్ లూపు ఎఫ్‌డీని తగ్గిస్తూ పోయి కనిష్ఠ హద్దయిన 75 శాతం స్పీడు దగ్గర ఆనుకుని కూర్చుంది. ఆ లోడుకు మామూలుగా 85 నుంచి 90 శాతం ఉండాలి.

పోర్టబుల్ అనలైజర్‌తో పొగ దారి పొడవునా కొలిస్తే ఫర్నేస్ బయట ఆక్సిజన్ 2.6 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 3,000 పీపీఎం పైన. ఎయిర్ ప్రీహీటర్ తర్వాత 4.1. ఐడీ ముందు, అంటే ప్రోబు ఉన్న చోట, 8.4. మధ్యలో బయటి గాలి దూరుతోంది. ఎంత దూరుతోందో లెక్క కట్టడం కష్టం కాదు. రెండు రీడింగుల తేడాను, 21లోంచి పెద్ద రీడింగు తీసేసిన మిగులుతో భాగించాలి. 5.8ని 12.6తో భాగిస్తే 46 శాతం. ఫర్నేస్ నుంచి వచ్చే పొగలో దాదాపు సగమంత గాలి దారిలో కలుస్తోంది. మల్టీసైక్లోన్ హాపర్ కింద రోటరీ ఎయిర్‌లాక్ (గాలి దూరకుండా బూడిదను దించే తిరుగుడు వాల్వు) రెక్కలు అరిగి 6 మి.మీ. సందు వచ్చింది. బ్యాగ్ ఫిల్టర్ మ్యాన్‌హోల్ గ్యాస్కెట్ లేదు. ఎయిర్ ప్రీహీటర్‌లో మూడు ట్యూబులు చిల్లుపడ్డాయి.

బెడ్‌కు గాలి చాలక ఊపిరాడని స్థితి. ప్రోబు మాత్రం గాలి ఎక్కువైందని చెబుతోంది. లూపు విన్నది ప్రోబు మాటే. గాలి తగ్గేకొద్దీ బొగ్గు సగం కాలి పోతుంది, స్టీమ్ తగ్గుతుంది, ప్రెజర్ లూపు ఇంకా బొగ్గు తోస్తుంది. రెండు లూపులూ తమ తమ పని తప్పు లేకుండా చేస్తూనే బాయిలర్‌ను క్లింకర్ వైపు నెట్టాయి. ఆటోమేటిక్ బొగ్గు బాయిలర్‌లో ఏ లూపు ట్యూనింగ్‌నైనా ముట్టుకునే ముందు ఫర్నేస్ బయటా ఐడీ ముందూ ఒకేసారి ఆక్సిజన్ కొలవాలన్నది మా గట్టి అభిప్రాయం. రెండింటి తేడా 2 శాతం దాటితే ట్యూనింగ్ మాట పక్కన పెట్టి ముందు లీకులు మూయాలి.

ఈ గాలి వల్ల ఇంకో నష్టమూ ఉంది. ఐడీ 97 శాతం స్పీడులో నడుస్తోంది, ఇక పెరగడానికి చోటు లేదు. లోడు పెరిగినప్పుడు ఫర్నేస్ డ్రాఫ్ట్ ప్లస్‌లోకి వెళ్ళి తలుపు సందుల్లోంచి పొగ తన్నేది. బ్యాగ్ ఫిల్టర్‌కు చేరే పొగ 118 డిగ్రీలకు చల్లబడి, తడి బూడిద బ్యాగులకు పట్టి, డిఫరెన్షియల్ ప్రెజర్ (బ్యాగులకు ముందూ వెనకా ఒత్తిడి తేడా) 210 మి.మీ. వాటర్ కాలమ్‌కు ఎక్కింది. బ్యాగులు మార్చాలని అప్పటికే కొటేషన్ కూడా తెప్పించి ఉన్నారు.

బొగ్గు సైజు

బొగ్గు జీ-11 రకం. ల్యాబ్ లెక్కలో కిలోకు 4,250 కిలోకేలరీలు, బూడిద 38 శాతం. గోదావరి లోయ బొగ్గుకు ఇది మామూలే, డిజైన్‌లోనూ ఇదే ఉంది. అనుమానం పడాల్సింది బొగ్గు మీద కాదు, యూనిట్ లోపల దాన్ని నలిపే తీరు మీద. బంకర్ పైన మూడు చోట్ల తీసిన నమూనాను జల్లిస్తే 1 మి.మీ. కన్నా సన్నని నుసి 41 శాతం, 8 మి.మీ. పైన ముక్కలు 13 శాతం. రెండు చివరలా పెరిగిందంటే క్రషర్ వైపే చూడాలి. హ్యామర్లు మొద్దుబారితే బొగ్గును పగలగొట్టవు, నూరుతాయి. నుసి అక్కడిది. కింది జల్లెడ రెండు చోట్ల చిరిగి ఉంది. పెద్ద ముక్కలు అక్కడివి.

నుసి బెడ్‌లో ఆగదు. గాలితో లేచి బెడ్ పైన కొంత కాలి, మిగిలింది కాలకుండానే బూడిదతో పోతుంది. ఫ్లై యాష్‌లో (పొగతో పోయే బూడిదలో) కాలని కార్బన్ 14 శాతం తేలింది. కిలో బొగ్గుకు కార్బన్ కాక 0.32 కిలోల ఫ్లై యాష్ అనుకుంటే అందులో పోయే వేడి సుమారు 420 కిలోకేలరీలు, అంటే బొగ్గు వేడిలో పది శాతం. పెద్ద ముక్కలు, ముఖ్యంగా బొగ్గుతో కలిసి వచ్చే షేల్ రాళ్ళు, తేలవు. ప్లేటు మీద కూర్చుని నాజిళ్ళ మధ్య గాలిని ఆపుతాయి. ఎఫ్‌డీ నిండుగా వీస్తున్నప్పుడు కొంతైనా కదిలేవి, 75 శాతంలో అసలు కదల్లేదు.

యార్డుకు పైకప్పు లేదు. వానలో తడిసిన నుసి పిండిలా అతుక్కుని మూడో పైపును మూసింది. నుసి శాతం తక్కువై ఉంటే ఇంత చెమ్మకు పైపు మూసుకుపోయేది కాదు.

ఆపి తెరిచాక

బెడ్‌ను పడేసే, అంటే గాలి ఆపి కదలిక నిలిపే, తీరుకే పద్ధతి ఉంది. ముందు ఫీడర్లు ఆపాలి. పైపుల్లో బొగ్గు పోయేదాకా పీఏ నడవాలి. బెడ్ వేడి 50 డిగ్రీలు దిగి, ఆక్సిజన్ పైకి లేచాకే ఎఫ్‌డీ ఆపాలి. బొగ్గు ఉండగానే గాలి ఆపితే పడిన బెడ్‌లో అదే కాలుతూ గడ్డ కడుతుంది. ఇక్కడ ఆపరేటర్లు ఎఫ్‌డీ, ఫీడర్లు ఒకే బటన్‌తో ఆపుతున్నారు.

లోపలికి మనిషి దిగే ముందు ఫ్యాన్లకు, ఫీడర్లకు కరెంటు తీసి తాళం వేయాలి, ఆక్సిజన్ కొలవాలి, పర్మిట్ రాయాలి. పైన చల్లగా కనిపించే బెడ్ అడుగున రెండు రోజుల తర్వాత కూడా ఎర్రటి వేడి ఉండొచ్చు. గునపంతో తిరగేసి చూడకుండా కాలు పెట్టకూడదు. హాపర్లలో నిలిచిన బూడిదా అంతే ప్రమాదం, తలుపు తీయగానే నీళ్ళలా జారి మీద పడుతుంది.

బెడ్ మొత్తం తీసి చూస్తే రెండో కంపార్ట్‌మెంట్ వెనక మూలలో 46 నాజిళ్ళు మూసుకుపోయి ఉన్నాయి. అందులో 9 తలలు విరిగిపోయాయి. విరిగిన చోటు నుంచి నలుసు కిందికి కారి ఎయిర్‌బాక్సులో 150 మి.మీ. మందాన పేరుకుంది. ఎయిర్‌బాక్సు తలుపు ఎప్పుడు తెరిచారో రికార్డులో లేదు. నాజిళ్ళ రంధ్రాలను ఒక్కొక్కటీ సరైన సైజు డ్రిల్ బిట్‌ను చేత్తో తిప్పి శుభ్రం చేశారు. మెషిన్ పెడితే రంధ్రం పెద్దదవుతుంది, ఆ నాజిల్ గుండా గాలి ఎక్కువ పోయి పక్కవాటికి తగ్గుతుంది. విరిగినవి మార్చారు.

తర్వాత కోల్డ్ టెస్ట్. కొత్త నలుసు 250 మి.మీ. పోసి, ఐడీ, ఎఫ్‌డీ నడిపి, బెడ్ బాగా కదిలాక ఎఫ్‌డీని ఒక్కసారిగా ఆపాలి. పైభాగం చదునుగా పడితే గాలి సమంగా పంచినట్టు. ఎక్కడైనా దిబ్బ మిగిలితే ఆ చోట నాజిళ్ళు సరిగా లేవు. ఇక్కడ మొదటిసారి మూలలో చిన్న దిబ్బ మిగిలింది. అక్కడ మళ్ళీ తవ్వితే ప్లేటుకు అంటుకున్న పలుచని క్లింకర్ పొర బయటపడింది. రెండోసారి చదునుగా వచ్చింది. ఈ పరీక్షకు అరగంట పడుతుంది. దీన్ని వదిలేసి లైటప్ (బెడ్‌ను రాజేయడం) చేయడం ఎంతమాత్రం తగదు.

ఇన్‌బెడ్ ట్యూబుల మందం అల్ట్రాసోనిక్ గేజుతో కొలిచారు. మార్చాల్సిన స్థాయికి ఏదీ రాలేదు. వచ్చి ఉంటే బాయిలర్స్ డిపార్ట్‌మెంట్ అనుమతి, సర్టిఫికెట్ ఉన్న వెల్డర్, హైడ్రో టెస్ట్ లేకుండా ప్రెజర్ పార్టు మీద వెల్డింగ్ చేయడానికి లేదు. 1923 నాటి చట్టం స్థానంలో 2025 బాయిలర్ల చట్టం వచ్చినా ఈ విషయంలో సడలింపు లేదు.

పొగ వైపు ఎయిర్‌లాక్ రోటర్ మార్చి, మ్యాన్‌హోల్ గ్యాస్కెట్లు వేసి, చిల్లుపడిన ఎయిర్ ప్రీహీటర్ ట్యూబులకు రెండు చివరలా ప్లగ్గులు కొట్టారు. ఐడీ నడుపుతూ ప్రతి జాయింటు దగ్గర పొగబత్తి పట్టి లీకు చూశారు.

క్రషర్‌లో హ్యామర్లన్నీ ఒకేసారి మార్చారు. ఒకటి రెండు మారిస్తే రోటర్ బ్యాలెన్స్ తప్పి బేరింగులు పోతాయి. జల్లెడ కొత్తది. యార్డులో మూడు రోజుల బొగ్గుకు సరిపడా షెడ్డు వేశారు. పాత పొడి బొగ్గు ముందు, కొత్తది తర్వాత అన్న నియమం పెట్టారు. షిఫ్టుకొకసారి కిలో బొగ్గు జల్లించి రాయాలి. 8 మి.మీ. పైన ఏమీ ఉండకూడదు, 6 పైన 5 శాతం మించకూడదు, 1 కింద 30 శాతం లోపు ఉండాలి.

ప్యానెల్‌లో మార్పులు

ఆక్సిజన్ ప్రోబును స్మోక్ ట్యూబుల బయట, ఎయిర్ ప్రీహీటర్ ముందుకు మార్చారు. సెట్‌పాయింట్ 5 శాతం. ట్రిమ్‌కు స్వేచ్ఛ తగ్గించారు. బొగ్గు స్పీడుకు తగ్గ గాలి స్పీడు ముందే పట్టికగా పెట్టి, ఆక్సిజన్ లూపు దాన్ని 10 శాతం అటూ ఇటూ మాత్రమే దిద్దేలా చేశారు. ప్రోబు రేపు మళ్ళీ తప్పు చెప్పినా బెడ్ ఊపిరాడని స్థితికి రాదు.

లోడు పెరిగేటప్పుడు ముందు గాలి, తర్వాత బొగ్గు. తగ్గేటప్పుడు ముందు బొగ్గు, తర్వాత గాలి. ఆక్సిజన్ 3 శాతం కిందికి దిగితే ప్రెజర్ ఎంత అడిగినా ఫీడర్ల స్పీడు పెరగదు. ప్రెజర్ కొంచెం పడనివ్వడమే మంచిది. అర కిలో ప్రెజర్ కోసం క్లింకర్ తెచ్చుకుంటే ఎనిమిది గంటల స్టీమ్ పోతుంది.

బెడ్ టెంపరేచర్‌లో సగటును తీసేశారు. నాలుగింటిలో గరిష్ఠం 920 దాటితే అలారం, 950 దగ్గర ఆ కంపార్ట్‌మెంట్ ఫీడర్ల స్పీడు దానంతటదే తగ్గుతుంది, 980 దగ్గర ఫీడర్లు ఆగుతాయి, ఫ్యాన్లు నడుస్తూనే ఉంటాయి. ఏ రెండింటి మధ్యనైనా 80 డిగ్రీల తేడా ఐదు నిమిషాలు నిలిస్తే విడిగా అలారం. ఈ చివరిదే అన్నిటికన్నా విలువైనది. క్లింకర్ పుట్టడానికి గంట ముందే చెప్పగలిగేది ఇదొక్కటే. మిక్సింగ్ నాజిళ్ళ గొంతు ఒత్తిడి కూడా ప్యానెల్‌కు తెచ్చారు.

లైటప్, బెడ్ డ్రెయిన్

ఒక కంపార్ట్‌మెంట్‌తో మొదలుపెట్టాలి. ముందు ఐడీ ఒక్కటే ఐదు నిమిషాలు నడిపి లోపలి గ్యాసు బయటికి తోలాలి. ఆ తర్వాత 80 నుంచి 100 కిలోల కట్టెబొగ్గు, అందులో కొంత డీజిల్‌లో తడిపినది, బెడ్ మీద సమంగా పరచి అంటించాలి. అంతా ఎర్రబడ్డాక ఎఫ్‌డీ డ్యాంపర్ కొన్ని సెకన్లు తెరిచి మూయాలి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే వేడి నలుసులోకి దిగుతుంది. 600 డిగ్రీలు దాటాకే ఫీడర్ తిప్పాలి, అదీ ఒక నిమిషం తిప్పి, వేడి ఎక్కుతోందా అని చూసి మళ్ళీ. వేడి ఎక్కకపోతే బొగ్గు అంటుకోలేదని అర్థం. అప్పుడు ఇంకా బొగ్గు వేయడం చాలా ప్రమాదం, పోగుపడ్డది ఒక్కసారిగా అంటుకుంటుంది. మొదటి కంపార్ట్‌మెంట్ 850 దగ్గర నిలిచాక రెండోదానికి గాలి మెల్లగా ఇస్తే వేడి నలుసు అటు పొర్లి దాన్ని రగిలిస్తుంది.

38 శాతం బూడిద ఉన్న బొగ్గుతో బెడ్ ఎత్తు పెరుగుతూనే ఉంటుంది. ఎత్తును చెప్పేది ఎయిర్‌బాక్సు ప్రెజర్. ఈ బాయిలర్‌కు 450 మి.మీ. వాటర్ కాలమ్ మామూలు. 500 దాటితే డ్రెయిన్ చేయాలి. ఇదివరకు షిఫ్టుకొకసారి 200 కిలోలు ఒకేసారి దించేవారు. దాంతో బెడ్ ఒక్కసారిగా పలుచబడి వేడి ఊగేది. ఇప్పుడు 30 నుంచి 50 కిలోల చొప్పున, రెండు కంపార్ట్‌మెంట్ల నుంచీ మార్చి మార్చి దించుతున్నారు. దించినదాన్ని చల్లార్చి జల్లించి, 3 మి.మీ. పైన రాళ్ళు పారేసి, మంచి నలుసును మళ్ళీ బెడ్‌కు వాడుతున్నారు. డ్రెయిన్‌లో రాళ్ళు ఎక్కువ వస్తుంటే క్రషర్ జల్లెడ చిరిగిందేమో ఆ షిఫ్టులోనే చూడాలి.

ఆరు వారాల తర్వాత

బెడ్ రీడింగులు 865, 872, 848, 880. ఫర్నేస్ బయట ఆక్సిజన్ 5, ఐడీ ముందు 6.3. ఐడీ స్పీడు 97 నుంచి 78 శాతానికి దిగింది. బ్యాగ్ ఫిల్టర్‌కు చేరే పొగ 142 డిగ్రీలు. డిఫరెన్షియల్ ప్రెజర్ 130 మి.మీ., అదీ పాత బ్యాగులతోనే. ఫ్లై యాష్‌లో కార్బన్ 6 శాతం, అంటే కాలక పోయే వేడి పది శాతం నుంచి నాలుగుకు తగ్గింది. కిలో బొగ్గుకు స్టీమ్ మళ్ళీ 5.5 కిలోలు. లెక్కలో ఎఫిషియెన్సీ 68 నుంచి 75 శాతానికి వచ్చింది. ఆ ఏడు శాతంలో ఆరు కార్బన్ లెక్కలోనే దొరుకుతున్నాయి.

ఆరు వారాల్లో ఒక్కసారే గడ్డలు కనిపించాయి. కరెంటు పోయి, డీజీ (డీజిల్ జనరేటర్) అందుకునే లోపు బెడ్ బొగ్గుతో సహా పడిపోయినప్పుడు. ఆ స్థితిలో చేయాల్సింది రాసి ప్యానెల్ పక్కన పెట్టారు. తలుపులు తీయవద్దు. కరెంటు రాగానే ముందు ఫీడ్ పంపు, తర్వాత ఐడీ ఒక్కటే ఐదు నిమిషాలు, ఆపైన ఎఫ్‌డీ తక్కువ స్పీడుతో. బెడ్ 600 పైన ఉంటేనే ఫీడర్. కింద ఉంటే మళ్ళీ కట్టెబొగ్గుతో లైటప్. ఫీడ్ పంపుకు, ఐడీకి డీజీ సప్లై ముందుగా అందేలా వైరింగ్ మార్చమన్నారు, అది ఇంకా జరగలేదు.

ఇంకో పని కూడా మిగిలి ఉంది. ఎఫ్‌డీ గాలి పెరిగాక బెడ్ కదలిక ఎక్కువై ఇన్‌బెడ్ ట్యూబుల ఒరిపిడి పెరుగుతుంది. కోల్‌పైపు నోటికి ఎదురుగా ఉన్న ట్యూబుల అడుగుభాగం ముందుగా అరుగుతుంది. ఇప్పుడు తీసిన మందాలు ట్యూబు నంబరుతో సహా రాసి ఉంచారు. మూడు నెలలకు అవే చోట్ల మళ్ళీ కొలిచి, అరుగుదల ఎంత వేగంగా ఉందో చూసి, తర్వాతి వార్షిక తనిఖీలో ఏ ట్యూబులు మార్చాలో అప్పుడు నిర్ణయిస్తారు.